బడి పిల్లలకు విటమిన్ డి: ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి

మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే 60,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్ల) సాచెట్ ఒక్కదానిలో బడి వయసు పిల్లలకు వంద రోజులకు సరిపడే విటమిన్ డి ఉంటుంది. రోజుకు 600 ఐయూ చొప్పున మీరే లెక్క వేసి చూడండి. డాక్టరు చీటీలో "వారానికి ఒకటి" అని రాస్తే, ఇంట్లో రోజుకొకటి పాలలో కలిపి పట్టించి, పిల్లలు ఆగని వాంతులతో ఆసుపత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అలాగని లోటు లేదనుకోవడానికీ లేదు. 2016–18లో దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5–9 ఏళ్ల పిల్లల్లో నూటికి 18 మందికి, 10–19 ఏళ్ల వాళ్లలో నూటికి 24 మందికి రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 12 నానోగ్రాముల లోపే తేలింది. ఎండకు కొదవలేని దేశంలో ఇదీ పరిస్థితి.

ఇక్కడ చెప్పేదంతా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల గురించి. హైదరాబాదులో, ఒంగోలులో పెరిగే పిల్లలకూ, బోస్టన్‌లోనో లండన్‌లోనో బడికి వెళ్లే మన పిల్లలకూ లెక్క ఒకటి కాదు కాబట్టి రెండూ విడివిడిగా చూద్దాం. ఏడాదిలోపు పసిబిడ్డలకు రోజుకు 400 ఐయూ చుక్కలు అందరికీ ఇవ్వాల్సిందే. వాళ్ల సంగతి ఇందులో కలపడం లేదు.

మొదటి పని: యూనిట్లు అర్థం చేసుకోండి

సీసా మీద మోతాదు రెండు రకాలుగా ఉంటుంది, ఐయూ అని గానీ మైక్రోగ్రాములు అని గానీ. 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ. కాబట్టి 10 మైక్రోగ్రాములు 400 ఐయూ, 15 మైక్రోగ్రాములు 600 ఐయూ, 25 మైక్రోగ్రాములు 1,000 ఐయూ. మైక్రోగ్రామును మిల్లీగ్రాము అని చదివితే వెయ్యి రెట్లు తప్పుతుంది, అందుకే సీసా మీది అక్షరాలు వెలుతుర్లో చదవండి. అమెరికా లేబుళ్ల మీద రోజువారీ అవసరంలో ఎంత శాతమో కూడా వేస్తారు. ఆ నూరు శాతం 20 మైక్రోగ్రాములు, అంటే 800 ఐయూ. "50 శాతం" అని ఉంటే 400 ఐయూ అన్నమాట.

రక్త పరీక్ష రిపోర్టులోనూ ఇలాంటి తిరకాసే ఉంది. మన ల్యాబుల్లో మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తారు, బ్రిటన్‌లో లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తారు. నానోగ్రాముల అంకెను 2.5తో గుణిస్తే నానోమోల్స్ వస్తాయి. బర్మింగ్‌హామ్ రిపోర్టులో 50 అని ఉంటే అది ఇక్కడి 20తో సమానం. అక్కడి 50 చూసి "ఇక్కడి డాక్టరు 20 ఉంటే చాలన్నారే, మనకి రెండింతలు పైనే ఉంది" అని మందు మానేస్తే పొరపాటే.

రెండో పని: మీ బిడ్డకు అవసరమా అని తేల్చుకోండి

అందరు పిల్లలకూ మందు అక్కర్లేదు. భారతీయ శిశువైద్యుల అకాడమీ 2021 మార్గదర్శకాల్లో అందరికీ తప్పనిసరిగా చుక్కలు వేయమన్నది పసిబిడ్డలకే. బడి వయసుకొచ్చాక ఎండ, తిండి ద్వారా సరిపెట్టుకోవాలని, లోటు వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లల మీద కన్నేసి ఉంచాలని దాని సారం.

ఆ అవకాశం ఎవరికి ఎక్కువ? మధ్యాహ్నం బయటికి రాని పిల్లలకు. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం ట్యూషన్ అయ్యాక చీకటిపడి ఇల్లు చేరేవాళ్లకు. హాస్టల్లో ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గదుల్లోనే ఉండేవాళ్లకు. ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకునే ఆడపిల్లలకు. గుడ్డు, చేప ముట్టని ఇళ్ల పిల్లలకు. అధిక బరువున్న పిల్లలకు కూడా. ఈ విటమిన్ కొవ్వులో దాక్కుంటుంది, రక్తంలోకి రావాల్సింది తగ్గిపోతుంది, అందుకే వాళ్లకు చికిత్స మోతాదు మామూలు కంటే రెండు మూడింతలు కావాల్సి వస్తుంది. మూర్ఛకు ఫెనిటాయిన్, ఫెనోబార్బిటాల్, కార్బమజెపిన్ వాడే పిల్లల్లో కాలేయం విటమిన్ డిని త్వరగా కరిగించేస్తుంది. ఈ చివరి రెండు రకాల పిల్లలకు మోతాదు సొంతంగా నిర్ణయించకండి, డాక్టరే రాయాలి.

తిండిలో ఎంత వస్తుందో చూస్తే నిరాశే మిగులుతుంది. ఒక గుడ్డు పచ్చసొనలో 40 ఐయూ దగ్గర ఉంటుంది. కవళ్లు, కానాగంతల వంటి కొవ్వు ఎక్కువుండే సముద్రపు చేపలు నయం, అయితే అవి వారం పొడుగునా తినే ఇళ్లు తక్కువ. మన దేశంలో విటమిన్లు కలిపారని తెలిపే ప్లస్ ఎఫ్ (+F) ముద్ర ఉన్న పాలలో లీటరుకు 5 నుంచి 7.5 మైక్రోగ్రాములు కలుపుతారు. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 40 నుంచి 60 ఐయూ. అంటే గుడ్డు, రెండు గ్లాసుల పాలు కలిపినా 160 దాటదు. అమెరికాలో గ్లాసుకు వంద, ఆ పైన వస్తుంది. బ్రిటన్‌లో మామూలు పాలలో అసలు కలపరు, కాబట్టి హైదరాబాదు నుంచో అమెరికా నుంచో లండన్ మారినవాళ్లు "పాలు తాగుతున్నాడుగా" అనుకోకూడదు. మిగతాదంతా ఎండ నుంచో సీసా నుంచో రావాలి.

మూడో పని: ఎండను నీడతో కొలవండి

మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది, లేత ఎండలో డి విటమిన్ ఉంటుందని. ఉదయం ఆరున్నర ఎండలో వెలుగుంటుంది, వెచ్చదనం ఉంటుంది, కళ్లకూ నిద్రకూ మంచిదే. చర్మంలో విటమిన్ డి తయారుచేసే అతినీలలోహిత బి కిరణాలు మాత్రం దాదాపు ఉండవు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు ఏటవాలుగా, ఎక్కువ మందం గాలి దాటుకుని రావాలి. ఈ రకం కిరణాలను దారిలోనే ఓజోన్ పీల్చేస్తుంది. పిల్లలను రోజూ పొద్దున్నే డాబా మీద కూర్చోబెట్టినా రిపోర్టులో అంకె కదలకపోవడానికి కారణం ఇదే.

గడియారం కంటే నీడ నమ్మకమైన కొలత. బిడ్డను నిటారుగా నిలబెట్టి నీడ చూడండి. నీడ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. పొడుగ్గా ఉంటే ఆ వేళ ఎండలో ఉన్నా విటమిన్ లెక్కలోకి పెద్దగా రాదు. హైదరాబాదులో మే నెలలో ఉదయం 9 గంటలకల్లా నీడ పొట్టిదవుతుంది, మూడు దాటేదాకా అలాగే ఉంటుంది. డిసెంబరులో అలా కాదు. దాదాపు 11 నుంచి ఒకటిన్నర మధ్యే పొట్టి నీడ దొరుకుతుంది. కాబట్టి చలికాలంలో బడి ప్రార్థన వేళ ఎండ లెక్కలోకి రాదు, భోజన విరామం ఎండ వస్తుంది. ఆటల పీరియడ్‌ను సాయంత్రం నాలుగు నుంచి పదకొండున్నరకు మార్చగలిగిన బడి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తన పిల్లలకు సీసాల కొద్దీ మందు ఆదా చేసినట్టే.

ఎంతసేపు? ముఖం, చేతులు, మోకాళ్ల కింది కాళ్లు తగిలేలా, చామనఛాయ పిల్లలకు అరగంట దాకా, వారంలో నాలుగైదు రోజులు. రంగు ముదురైతే ఇంకాస్త ఎక్కువ. చర్మంలోని మెలనిన్ గొడుగులా పనిచేసి ఆ కిరణాలను కొంత ఆపుతుంది. చర్మం కందేదాకా ఉండాల్సిన పని లేదు. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం ఎండలోకి పంపకండి, వడదెబ్బ ప్రాణాంతకం. ఆ నెలల్లో తొమ్మిది, తొమ్మిదిన్నర ఎండే చాలు. ఎండ వల్ల విటమిన్ డి ఎక్కువై విషమయ్యే ప్రమాదం లేదు, మిగిలిపోయినదాన్ని చర్మమే విరగ్గొట్టేస్తుంది. విషమయ్యేది మందుతోనే.

అద్దం గుండా వచ్చే ఎండ పనికిరాదు. బస్సు కిటికీ, అపార్టుమెంటు బాల్కనీకి బిగించిన అద్దాలు ఈ కిరణాలను లోపలికి రానివ్వవు. ఇది చాలామంది పట్టించుకోరు.

ఇక ఉత్తరాన ఉన్నవాళ్లు. బోస్టన్ 42 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడి ఎండలో మనిషి చర్మపు ముక్కలను ఉంచి చేసిన ప్రయోగం ఫలితాలు 1988లో అచ్చయ్యాయి: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా విటమిన్ డి తయారే కాలేదు. ఇంకా ఉత్తరాన కెనడాలోని ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా అదే సంగతి. డిసెంబరులో బోస్టన్ మిట్టమధ్యాహ్నం కూడా పిల్లల నీడ వాళ్ల ఎత్తుకు రెండింతలు దాటుతుంది; లండన్‌లో మూడున్నర రెట్లు. మంచు మీద ఎంత మిరుమిట్లు గొలిపినా ఆ ఎండ ఈ పనికి సున్నా. షికాగో, టొరంటోల్లోనూ ఇంతే. డాలస్, హ్యూస్టన్‌లలో చలికాలం మధ్యాహ్నాల్లో కొంత దొరుకుతుంది. అక్కడి తెల్ల పిల్లలు వేసవిలో నిల్వ చేసుకున్నదానితో కొంత నెట్టుకొస్తారు. మన పిల్లలకు అదే వేసవిలో ఆ నిల్వ తక్కువ చేరుతుంది, చలికాలం సగంలోనే ఖాళీ అవుతుంది.

బోస్టన్ పరిసరాల బడుల్లో రకరకాల జాతుల పిల్లలకు రోజుకు 600, 1,000, 2,000 ఐయూ చొప్పున ఆరు నెలలు ఇచ్చి చూసిన పరీక్ష ఒకటుంది. ముదురు రంగు పిల్లలు తక్కువ స్థాయితో మొదలయ్యారు, మోతాదు పెరిగినకొద్దీ స్థాయి పెరిగింది. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే సీసా ఒకేలా పనిచేయదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాలుగో పని: మోతాదు రాసి పెట్టుకోండి

భారతీయ వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన రోజువారీ అవసరం 600 ఐయూ. అమెరికా అంకె కూడా 600. తిండితో వచ్చేది కలుపుకునే ఈ లెక్క. బ్రిటన్ 400 అంటుంది; అక్టోబరు నుంచి మార్చి దాకా అందరికీ, దక్షిణాసియా, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకు ఏడాది పొడవునా తీసుకోవడం గురించి ఆలోచించమంటుంది.

లోటు ఇంకా తేలని, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఇలా అనుసరించండి. తెలుగు రాష్ట్రాల్లో ఉంటూ వారానికి నాలుగు రోజులైనా పొట్టి నీడ ఎండలో ఆడే పిల్లలకు ఏమీ వద్దు. ఎండ తగలని పిల్లలకు రోజుకు 400 నుంచి 600 ఐయూ. ఉత్తర అమెరికాలో 40 డిగ్రీలకు పైన ఉండే మన పిల్లలకు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రోజుకు 600 ఐయూ. పిల్లల డాక్టరు ఒప్పుకుంటే 1,000 దాకా. బ్రిటన్‌లో ఏడాదంతా 400.

పై హద్దులు గుర్తుంచుకోండి. అమెరికా లెక్క ప్రకారం 4–8 ఏళ్లకు రోజుకు 3,000 ఐయూ, 9 ఏళ్లు దాటితే 4,000. బ్రిటన్‌లో పదేళ్ల దాకా 2,000, పదకొండు నుంచి 4,000. ఇవి దాటకూడని గీతలు. అందుకోవాల్సిన లక్ష్యాలుగా చూడకండి.

రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) లేదా లోటు తేలితే అది చికిత్స, దాని దారి వేరు. శిశువైద్యుల అకాడమీ సిఫారసు ప్రకారం ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 3,000 ఐయూ, 12 వారాలు, దాంతోపాటు కాల్షియం. రోజూ వేయడం కుదరదనుకున్నప్పుడే వారానికోసారి, నెలకోసారి ఇచ్చే పెద్ద మోతాదులు రాస్తారు. మా సలహా కూడా రోజువారీ చిన్న మోతాదే. ఒక రోజు మరచినా, ఒక రోజు రెండుసార్లు పడినా ప్రాణం మీదికి రాదు. 60,000తో ఆ వెసులుబాటు లేదు. ఆ సాచెట్ వాడాల్సి వస్తే కాలెండరు మీద వేయాల్సిన తేదీల చుట్టూ సున్నాలు చుట్టండి, చివరి తేదీ పక్కన "ఆపాలి" అని రాయండి. ఇల్లంతటికీ ఒక్కరే వేయాలి. అమ్మ పొద్దున వేసి, నాయనమ్మ సాయంత్రం వేసి, ఎవరికి వాళ్లు తామే వేశామనుకునే ఇళ్లలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

6 లక్షల ఐయూ ఇంజెక్షన్ ఒకసారి పొడిపించుకుంటే ఏడాదికి సరిపోతుందని ఎవరైనా అంటే పిల్లలకు వద్దనండి. ఒకసారి ఒంట్లోకి వెళ్లాక దాన్ని వెనక్కి తీయలేం.

ఐదో పని: సీసా ఎంచుకోవడం, కొలవడం

"కోలికాల్సిఫెరాల్" అని రాసి ఉన్నది తీసుకోండి, అదే డి3. ఎర్గోకాల్సిఫెరాల్ డి2, అదీ పనిచేస్తుంది, డి3 స్థాయిని మెరుగ్గా నిలబెడుతుంది. కాల్సిట్రయాల్, ఆల్ఫాకాల్సిడాల్ అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. అవి మూత్రపిండాల జబ్బులున్నవాళ్ల కోసం, ఒంట్లో మార్పు చెందాల్సిన పని లేకుండా నేరుగా పనిచేసే రకం. మామూలు లోటున్న పిల్లలకు అవి నిల్వను నింపవు, పైగా కాల్షియం హద్దు దాటించే ప్రమాదం. పెద్దవాళ్ల కాల్షియం మాత్రల్లో కొన్నింట్లో 0.25 మైక్రోగ్రాముల కాల్సిట్రయాల్ కలిసి ఉంటుంది. తాతగారి కాల్షియం మాత్ర సగం విరిచి మనవడికి వేయడం ఈ కారణంగానే వద్దనేది.

శాకాహారుల ఇళ్లలో వచ్చే ప్రశ్న: డి3 ఎక్కువగా గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి తీస్తారు, దానికి గొర్రెను చంపరు. మెత్తటి క్యాప్సూల్ తొడుగు మాత్రం తరచూ జెలటిన్. అదీ వద్దనుకుంటే చుక్కలు, సిరప్ తీసుకోండి. లైకెన్ అనే రాతిపాచి లాంటిదాని నుంచి తీసిన డి3 కూడా విదేశాల్లో సులువుగా దొరుకుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదమైన చోటు. మన దేశపు చుక్కల మందులో సాధారణంగా మిల్లీలీటరుకు 400 ఐయూ, కొన్నింట్లో 800. అమెరికాలో కొనే చాలా సీసాల్లో ఒక్క చుక్కకే 400 ఐయూ. పార్సిల్లో అమెరికా సీసా వస్తే, పాత అలవాటు చొప్పున డ్రాపర్ నిండా ఒక మిల్లీలీటరు పోశారనుకోండి, ఒక్క పూటకే 12,000 ఐయూ దాకా పోయినట్టు. ఇక్కడి సీసా అక్కడికి తీసుకెళ్లి ఒక చుక్కే వేస్తే 20 ఐయూ దగ్గరే అందుతుంది, పిల్లలకు మందు వేస్తున్నామనే భ్రమ మిగులుతుంది. డ్రాపర్ల పొరపాట్ల మీద అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010లోనే హెచ్చరిక ఇచ్చింది. ఏ సీసా వచ్చినా "మిల్లీలీటరుకు ఎంత, చుక్కకు ఎంత" అనే రెండు అంకెలు చదివి, మూత మీద ప్లాస్టర్ అంటించి "రోజుకు ఇంత" అని పెన్నుతో రాయండి. ఒక సీసా డ్రాపర్ ఇంకో సీసాకు వాడకండి. మిల్లీలీటర్లలో కొలవాల్సినవాటికి సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి మంచిది, వంటింటి చెంచా వద్దు.

కొనేముందు ఇంట్లో ఇప్పటికే ఉన్నవన్నీ బల్ల మీద పెట్టండి: కాల్షియం సిరప్, మల్టీవిటమిన్, పాలలో కలిపే పొడి. మూడింటిలోనూ విటమిన్ డి ఉండవచ్చు. కలిపితే 600 దాటుతుంటే కొత్త సీసా అక్కర్లేదు. కాడ్ లివర్ నూనెలో విటమిన్ ఎ కూడా బాగా ఉంటుంది కాబట్టి దాన్ని డి కోసం ఎక్కువ చెంచాలు పట్టకండి. గమ్మీలు పిల్లలకు మిఠాయిలే. అందని ఎత్తులో, తాళం వేసి ఉంచండి.

ఆరో పని: వేయడం

ఇది కొవ్వులో కరిగే విటమిన్. పరగడుపున నీళ్లతో వేసేకంటే, పప్పులో నెయ్యో పెరుగో ఉన్న భోజనం తర్వాత వేస్తే బాగా ఒంటబడుతుంది. పెద్ద గ్లాసు పాలలో కలిపితే పిల్లలు సగం తాగి వదిలేసినప్పుడు మోతాదూ సగమే పోతుంది, గ్లాసు గోడకు కొంత అంటుకుంటుంది. చెంచాలో వేసి నోట్లో పెట్టండి, లేదా మొదటి పెరుగన్నం ముద్దలో కలపండి. ఒక రోజు మరచిపోతే వదిలేయండి, మర్నాడు రెండింతలు వేయకండి.

రక్తహీనతకు ఐరన్ మాత్ర, కాల్షియం రెండూ వాడుతుంటే వాటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు. విటమిన్ డికి ఆ పేచీ లేదు, దేనితోనైనా వేయవచ్చు.

కాల్షియం లేకుండా ఇదంతా సగం పనే. విటమిన్ డి చేసేది పేగుల్లోంచి కాల్షియాన్ని లోపలికి తేవడం. తిండిలో కాల్షియమే లేకపోతే తేవడానికేముంటుంది? మన దేశంలో చాలామంది పిల్లల్లో ఎముకలు మెత్తబడడానికి రెండో సగం కారణం ఇదే. 7–9 ఏళ్లకు రోజుకు 650 మిల్లీగ్రాములు, 10–12కి 850, 13–15కి 1,000 కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో 364 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 30 గ్రాముల పిండితో కాచిన జావలో వంద పైచిలుకు. 200 మిల్లీలీటర్ల పాలలో 240 దగ్గర. పెరుగు, నువ్వుల ఉండ, మునగాకు, తోటకూర మిగతాది పూరిస్తాయి. జావలో పాలు కలిపి కాస్తే ఒక్క గ్లాసులోనే సగం దారి నడిచినట్టు.

ఏడో పని: పరీక్ష ఎప్పుడు, రిపోర్టు ఎలా చదవాలి

ఆరోగ్యంగా ఆడుకునే పిల్లలకు 600 ఐయూ మొదలుపెట్టడానికి రక్త పరీక్ష అక్కర్లేదు. కాళ్లు దొడ్డికాళ్లుగా వంగినా, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకున్నా, మణికట్లు లావెక్కినా, మెట్లెక్కలేకపోయినా, చేతివేళ్లు కొంకర్లు పోయినా, మూర్ఛ వచ్చినా పరీక్షకు ఆలస్యం చేయకండి. చేయించాల్సింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి. పేరు దగ్గరగా ఉండే 1,25 డైహైడ్రాక్సీ పరీక్ష వద్దు, ఒంట్లో నిల్వ లేకపోయినా అది మామూలుగానే కనిపించగలదు. దాంతోపాటు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మణికట్టు ఎక్స్‌రే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబులో ముందే చెప్పండి. కొన్ని యంత్రాల్లో అది అంకెను తారుమారు చేస్తుంది.

పిల్లల్లో 12 నానోగ్రాముల లోపు లోటు, 12–20 చాలీచాలని స్థితి, 20 దాటితే చాలు. చాలా ల్యాబులు మాత్రం 30 లోపు ఏదున్నా ముదురు అక్షరాల్లో "తక్కువ" అని అచ్చేస్తాయి. మీ బిడ్డది 24 అయితే ఆ ముదురు అక్షరాలు చూసి సాచెట్లు కొనకండి. చికిత్స మొదలుపెడితే మళ్లీ పరీక్ష మూడు నెలలకే. నెలకోసారి చేయిస్తే డబ్బు దండగ. రికెట్స్ మానుతున్న గుర్తు ఎక్స్‌రేలో కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది, వంగిన కాలు సరికావడానికి నెలలు పడుతుంది.

నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడ్ ఊళ్ల వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ పిల్లల మోకాళ్లు లోపలికి వంగితే అది ఒక్క విటమిన్ డి వ్యవహారమే అనుకోవద్దు. నీటిలోని ఫ్లోరైడ్, దానికి తోడైన కాల్షియం లేమి ఎముకను వంచుతాయి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయేమో చూసి డాక్టరుకు చెప్పండి. తాగేనీరు మార్చకుండా చుక్కలు ఎన్ని వేసినా కాలు నిలబడదు.

బడి మొత్తానికి ఇవ్వాలనుకుంటే

దాతలు సాచెట్లు తెస్తారు, బడిలో ఒకరోజు పంచేస్తారు. ఇలా చేయకండి. తల్లిదండ్రుల సంతకం, ఇంట్లో ఏమేం వాడుతున్నారనే ప్రశ్న, మూత్రపిండాల్లో రాళ్లు, టీబీ, ఇతర దీర్ఘవ్యాధుల ప్రశ్న ముందు పూర్తవ్వాలి. ఆ జబ్బులున్నవాళ్లకు డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. వారానికొకసారి ఇచ్చే పద్ధతైతే ఒకే వారం రోజు, ఒకే టీచరు, కళ్లముందే మింగించి రిజిస్టరులో టిక్కు పెట్టడం. ఇంటికి ఇచ్చి పంపవద్దు. ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజుతో కలపవద్దు. వాంతి అయితే దేనివల్లో తెలియదు.

ఏం ఆశించాలో కూడా తల్లిదండ్రులకు నిజం చెప్పండి. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో 6–13 ఏళ్ల బడి పిల్లలు 8,851 మందితో జరిగిన పరీక్షలో సగం మందికి వారానికి 14,000 ఐయూ చొప్పున మూడేళ్లు ఇచ్చారు. మొదట్లో నూటికి 95 మందికి పైగా 20 నానోగ్రాముల లోపే ఉన్నారు, మందు వేసినవాళ్లలో స్థాయి చక్కగా పెరిగింది, టీబీ సోకడం మాత్రం తగ్గలేదు. 2020లో ఈ ఫలితం వచ్చింది. ఎముకల కోసం ఇస్తున్నామని చెప్పండి. ఎత్తు పెరుగుతారని, మార్కులు పెరుగుతాయని చెప్పి పంచితే రెండో నెలకే ఎవరూ రారు, లేదా రెండింతలు వేసేస్తారు.

మోతాదు మించితే

అదేపనిగా దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, అన్నం చూస్తే ముఖం తిప్పుకోవడం, వాంతులు, బరువు తగ్గడం, మందకొడితనం. రక్తంలో కాల్షియం పెరిగిందనడానికి ఇవి గుర్తులు. పట్టించుకోకపోతే మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది. వాంతులకు గ్యాస్ మందు వేసి ఊరుకోకండి. విటమిన్ డి, కాల్షియం రెండూ వెంటనే ఆపండి, నీళ్లు తాగించండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రక్తంలో కాల్షియం చూడమని అడగండి. మందు ఆపిన మర్నాటికే తగ్గదు, కొవ్వులో నిల్వ ఉన్నది వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది కాబట్టి డాక్టరు రమ్మన్నన్నిసార్లూ వెళ్లి కాల్షియం చూపించుకోవాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలు, చించేసిన సాచెట్ కాగితాలు, చీటీ అన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఎన్ని సాచెట్లు ఎన్ని రోజుల్లో అయిపోయాయో తెలిస్తే డాక్టరుకు సగం లెక్క అక్కడే దొరుకుతుంది.